పికప్ వాహనాలలో వెనుక సీటు ఏసీ

పికప్ వాహనాలలో వెనుక సీటు ఏసీ అనగా, రెండు వరుసల సీట్లు గల (డబుల్ క్యాబిన్) పికప్ వాహనంలో వెనుక వరుసలో కూర్చున్నవారికి చల్లని గాలి అందించుటకు ప్రత్యేకంగా చేసే ఏర్పాటు. పాత పికప్ వాహనాలలో ఏసీ ఉన్నప్పటికీ చల్లగాలి వచ్చే జాలీలు సాధారణంగా డ్యాష్‌బోర్డుకు మాత్రమే ఉంటాయి. ఆ గాలి ముందు సీట్లను దాటి వెనుకకు చేరేలోగా చాలావరకు వేడెక్కిపోతుంది. అందువలన కొందరు యజమానులు వాహనం కొన్న తరువాత విడిగా వెనుక ఏసీని అమర్చుకొంటారు. ఇది కేవలం ఒక ఫ్యాను, ఒక గొట్టం బిగించే పని కాదు. కంప్రెసర్, కండెన్సర్, ఇంజను, ఆల్టర్నేటరు - ఈ నాలుగింటి సామర్థ్యంపై ఆధారపడిన పని. ఈ లెక్క చూడకుండా అమర్చినచో వెనుక చల్లబడకపోగా ముందున్న చల్లదనం కూడా తగ్గుతుంది.

నేపథ్యం

ఆంధ్ర ప్రదేశ్‌లో వేసవి తీవ్రత అధికంగా ఉండే ప్రాంతాలలో పల్నాడు ఒకటి. ఈ ప్రాంతం పూర్వం గుంటూరు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచర్ల, గురజాల పట్టణాల నడుమ ఉన్న రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటిగా ప్రసిద్ధి చెందింది. వేసవిలో ఇక్కడ 45 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన ఎండ అరుదు కాదు. సముద్రపు గాలి ప్రభావం తక్కువగా ఉండుట, నేల అధికభాగం సున్నపురాతి పలకలతో నిండి ఉండుట వలన పగటి వేడి ఎక్కువగా ఉంటుంది. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటుపద్యాలలో కూడా పల్నాటి రాళ్ళ గురించి, నీటి ఎద్దడి గురించి ప్రస్తావనలు కలవు.

ఈ ప్రాంతంలో మిరప, ప్రత్తి ప్రధానమైన వాణిజ్య పంటలు. మిరప కోతలు, కల్లాలలో ఎండబెట్టుట, గుంటూరు మార్కెట్ యార్డుకు తరలించుట వంటి పనులు చలికాలం చివరి నుండి ఎండాకాలం వరకు సాగుతాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, పరిసర మండలాలు సిమెంటు కర్మాగారాలకు పేరుపొందినవి. వీటన్నిటి అవసరాలకు పికప్ వాహనాల వాడకం ఎక్కువ. డబుల్ క్యాబిన్ పికప్‌లో ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు కూర్చుని, వెనుక ట్రాలీలో సామాను వేసుకొనవచ్చును. పగలు పనికి వాడిన బండిలోనే అవసరమైనప్పుడు ఇంట్లోని వృద్ధులను, పిల్లలను, రోగులను నరసరావుపేటకో గుంటూరుకో ఆసుపత్రికి తీసుకొని వెళ్తారు. అటువంటప్పుడు రోగిని కూర్చోబెట్టేది వెనుక సీటులోనే. ముందు కూర్చున్న డ్రైవరుకు చల్లగా ఉన్నంత మాత్రాన వెనుక ఉన్నవారికి చల్లగా ఉన్నట్లు కాదు. వెనుక సీటు ఏసీ అవసరం ఇక్కడే తెలుస్తుంది.

చరిత్ర

కర్మాగారంలోనే ఏసీ అమర్చిన మొదటి కారును అమెరికాకు చెందిన ప్యాకార్డ్ సంస్థ 1940 నమూనాగా విడుదల చేసింది. విశేషమేమనగా అందులో గాలిని చల్లబరిచే కాయిల్ ముందు భాగంలో కాక వెనుక సీటు వెనుక, డిక్కీలో ఉండేది. అనగా కారు ఏసీ మొదట వెనుక నుండే ప్రారంభమైనది. 1954లో నాష్ సంస్థ ఏసీ భాగాలన్నిటినీ వాహనం ముందు భాగంలోనే అమర్చే పద్ధతిని తెచ్చింది. స్థలం, ఖర్చు రెండూ కలిసివచ్చుటచేత ఈ పద్ధతే తరువాత స్థిరపడింది.

భారతదేశంలో 2000 నుండి 2005 వరకు అమ్ముడైన టయోటా క్వాలిస్, 2005లో వచ్చిన ఇన్నోవా వంటి పెద్ద వాహనాల ద్వారా వెనుక వరుసలకు విడిగా చల్లగాలి అందే ఏర్పాటు ఎక్కువమందికి పరిచయమైనది. పికప్ తరగతిలో మహీంద్రా బొలేరో క్యాంపర్, 2007లో వచ్చిన మహీంద్రా స్కార్పియో గెటవే, టాటా జెనాన్ మొదలైనవి డబుల్ క్యాబిన్‌తో లభించాయి. 2016లో ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం ప్రారంభమై, డి-మాక్స్ వి-క్రాస్ అనే డబుల్ క్యాబిన్ పికప్‌ను తయారు చేసింది.

ఏసీ పనిచేసే విధానం

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని బయటకు మోసుకొని వెళ్తుంది. ఈ పనికి శీతలీకరణ ద్రవ్యాన్ని (మెకానిక్‌లు దీనినే "గ్యాస్" అంటారు) ఉపయోగిస్తారు. ఇందులోని ముఖ్య భాగాలు:

- కంప్రెసర్: ఇంజను నుండి బెల్టు ద్వారా తిరుగుతుంది. వాయువును ఒత్తిడికి గురిచేసి వేడి వాయువుగా మారుస్తుంది.
- కండెన్సర్: రేడియేటరుకు ముందు ఉంటుంది. ఇక్కడ వాయువు తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవంగా మారుతుంది.
- డ్రయర్: ద్రవంలోని తేమను పీల్చుకొంటుంది, మలినాలను వడపోస్తుంది.
- ఎక్స్‌పాన్షన్ వాల్వ్: ద్రవాన్ని సన్నని రంధ్రం గుండా పంపి ఒత్తిడిని ఒక్కసారిగా తగ్గిస్తుంది.
- కూలింగ్ కాయిల్: ఒత్తిడి తగ్గిన ద్రవం ఇక్కడ మరిగి ఆవిరి అవుతుంది. మరుగుటకు కావలసిన వేడిని లోపలి గాలి నుండి తీసుకొంటుంది. బ్లోయరు ఆ చల్లని గాలిని లోపలికి వీస్తుంది.

చెమట ఆరినప్పుడు ఒంటికి చల్లగా అనిపించుటకు, కుండలో నీరు చల్లబడుటకు కూడా కారణం ఇదే. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి.

ఆర్-134ఎ అను ద్రవ్యం 0 డిగ్రీల వద్ద మరుగునప్పుడు దాని ఒత్తిడి గేజీపై చదరపు అంగుళానికి సుమారు 28 పౌన్లు చూపుతుంది. కండెన్సరులో వేడి బయటకు పోవాలంటే లోపలి ద్రవ్యం బయటి గాలి కంటే 15 నుండి 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు కండెన్సరులో 60 నుండి 65 డిగ్రీలు అవసరం. అప్పటి ఒత్తిడి సుమారు 230 నుండి 260 పౌన్లు. బయట ఎండ పెరిగిన కొలదీ కంప్రెసరుకు శ్రమ పెరిగి, చల్లబరిచే శక్తి తగ్గుతుంది. అనగా చల్లదనం ఎక్కువగా కావలసిన సమయంలోనే యంత్రం బలహీనపడుతుంది. చల్లని ప్రాంతాలలో సరిపోయిన ఏర్పాటు పల్నాటి ఎండలో చాలకపోవుటకు ఇదే కారణం.

వేడి లెక్క

వాహనంలోనికి వేడి నాలుగు మార్గాలలో వస్తుంది.

1. అద్దాల నుండి: నడి మధ్యాహ్నం ఎండకు ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు తలంపై సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. అద్దం దానిలో అధికభాగాన్ని లోపలికి పోనిస్తుంది.
2. పైకప్పు, తలుపులు, నేల నుండి: ఎండలో కాగిన రేకు, క్రింద ఉన్న సైలెన్సరు గొట్టం, గేరుబాక్సు దీనికి కారణాలు.
3. మనుషుల నుండి: ఊరక కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని విడుస్తుంది. వెనుక ముగ్గురు ఉంటే 300 వాట్లు.
4. సందుల నుండి: తలుపుల రబ్బరు పాడైన బండిలో గంటకు 100 ఘనపు మీటర్ల బయటి గాలి చొరబడుతున్నదనుకొందాం. దానిని 45 నుండి 25 డిగ్రీలకు చల్లబరచుటకే సుమారు 600 వాట్లు ఖర్చవుతుంది.

చివరి అంశాన్ని గమనించవలెను. పాడైన రబ్బరు వలన కలిగే భారం ఆరుగురు మనుషుల భారంతో సమానం. కనుక పాత వాహనంలో కొత్త కాయిల్ కొనుటకు ముందు రబ్బరు మార్చుట లాభదాయకం.

అమర్చే పద్ధతులు

గాలి గొట్టం పద్ధతి: ముందున్న చల్లగాలిలో కొంత భాగాన్ని గొట్టం ద్వారా, చిన్న ఫ్యాను సాయంతో ముందు సీట్ల మధ్య నుండి వెనుకకు పంపుతారు. గ్యాస్ గొట్టాలను కదిలించనక్కరలేదు. ఖర్చు తక్కువ. అయితే మొత్తం చల్లదనం పెరగదు, పంపకం మాత్రమే మారుతుంది. ముందు ఏసీ బలంగా ఉన్న బండికి ఇది చాలును.

రెండవ కూలింగ్ కాయిల్ పద్ధతి: అదే కంప్రెసరుకు, అదే కండెన్సరుకు అనుసంధానంగా వెనుక మరొక కాయిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, బ్లోయరు అమర్చుతారు. "డబుల్ ఏసీ" అని వ్యవహరించేది దీనినే. సరిగా చేస్తే మంచి ఫలితం ఇస్తుంది.

విడి యంత్రం పద్ధతి: వెనుక భాగానికి పూర్తిగా వేరే కంప్రెసర్, కండెన్సర్ పెట్టుట. బస్సులు, అంబులెన్సులు వంటి పెద్ద వాహనాలకు తగినది. పికప్‌కు బరువు, ఖర్చు ఎక్కువ అవుతాయి.

మంచుగడ్డ లేదా నీటి తడితో పనిచేసే చిన్న కూలర్లను కూడా కొందరు వాడుతారు. మూసి ఉన్న క్యాబిన్‌లో ఇవి తేమను పెంచి ఉక్క కలిగిస్తాయి. అద్దాలు కొద్దిగా దించి ఉంచినప్పుడే ఉపయోగం.

రెండవ కాయిల్ అమర్చుట

స్థలం: కారుకు ఉన్నట్లు పికప్‌కు డిక్కీ ఉండదు. వెనుక సీటు క్యాబిన్ గోడకు ఆని ఉంటుంది. కనుక పైకప్పు క్రింద, ముందు సీట్ల మధ్య, లేదా వెనుక సీటు క్రింద - ఈ మూడే మార్గాలు. చల్లని గాలి బరువైనది కాబట్టి పై నుండి వీచునప్పుడు సమంగా వ్యాపిస్తుంది. సీటు క్రింద పెడితే దుమ్ము ఎక్కువగా చేరుతుంది, కాళ్ళ వద్ద మాత్రమే చల్లబడుతుంది. పైకప్పుకు బిగించునప్పుడు పలుచని రేకుకు కాక దాని క్రింద ఉన్న అడ్డపట్టీలకు బోల్టులు వేయవలెను. లేనిచో గతుకుల రోడ్డుపై రేకు చిరుగును. ప్రయాణికుల తల తగలకుండా చూడవలెను.

గొట్టాలు: డ్రయర్ తరువాత ద్రవం వెళ్ళే గొట్టాన్ని రెండుగా చీల్చి ఒకటి ముందు కాయిల్‌కు, మరొకటి వెనుక కాయిల్‌కు పంపుతారు. తిరిగి వచ్చే రెండు గొట్టాలు కంప్రెసరుకు ముందు కలుస్తాయి. ప్రతి కాయిల్‌కు దాని స్వంత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉండవలెను. ఒకే వాల్వ్‌తో రెండు కాయిల్‌లు నడపరాదు. నేల క్రింద వెళ్ళే గొట్టాలను సైలెన్సరుకు దూరంగా, రాళ్ళు తగలకుండా కట్టవలెను. తిరుగు గొట్టానికి నురుగు రబ్బరు తొడుగు వేయవలెను. పికప్‌లో క్యాబిన్, ట్రాలీ రెండూ ఛాసిస్‌పై వేరువేరుగా కూర్చుని, రోడ్డు మీద వేరువేరుగా కదులుతాయి. అందుచేత క్యాబిన్‌లోకి వెళ్ళే గొట్టాన్ని ట్రాలీకి కట్టరాదు.

నీటి పారుదల: కాయిల్‌పై గాలిలోని తేమ నీరుగా మారి కారుతుంది. పైకప్పు కాయిల్ నుండి ఈ నీరు సన్నని గొట్టం ద్వారా తలుపు స్తంభం వెంట క్రిందికి పోయేటట్లు వాలు ఉంచవలెను. కాయిల్ గడ్డకట్టకుండా థర్మోస్టాట్ అవసరం.

వాక్యూమ్, గ్యాస్: అతుకులన్నీ వేసిన తరువాత నైట్రోజన్ వాయువుతో ఒత్తిడి పెట్టి కారుటలు పరీక్షిస్తారు. ఆపైన వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట పైగా గాలిని తీసివేస్తారు. ఒత్తిడి బాగా తగ్గినప్పుడు నీరు మామూలు ఉష్ణోగ్రత వద్దనే మరిగి ఆవిరిగా బయటకు పోతుంది. తేమ మిగిలినచో అది వాల్వ్ రంధ్రం వద్ద మంచుగా మారి దారి మూస్తుంది. కాయిల్, గొట్టాలు పెరిగినందున గ్యాస్, కంప్రెసర్ ఆయిల్ రెండూ అదనంగా పోయవలెను. బానెట్ క్రింద చీటీపై ఉన్న పాత కొలత ఇక వర్తించదు. రెండు గేజీల ఒత్తిడి, జాలీ వద్ద గాలి ఉష్ణోగ్రత చూసి నిర్ణయించవలెను. గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

విద్యుత్తు: వెనుక బ్లోయరుకు సుమారు 10 ఆంపియర్లు కావలెను. 12 వోల్టుల వద్ద ఇది 120 వాట్లు. కండెన్సరుకు అదనపు ఫ్యాను పెడితే అంతే మరొకటి. వీటికి విడి ఫ్యూజు, రిలే, తగిన మందం గల తీగ వాడవలెను. హెడ్‌లైట్ల తీగ నుండి లాగిన కనెక్షన్ మంటలకు దారితీయవచ్చును.

పాత వాహనాలలో ఎదురయ్యే ఇబ్బందులు

రెండు కాయిల్‌లు కలిపి 6 కిలోవాట్ల వేడిని తీసుకొన్నవనుకొందాం. కంప్రెసర్ మరొక 2.5 కిలోవాట్ల శక్తిని తీసుకొంటుంది. ఈ రెండూ కలిపి 8.5 కిలోవాట్లు కండెన్సరు ద్వారా బయటకు పోవాలి. కండెన్సరు నుండి వచ్చే ఈ వేడిగాలి నేరుగా వెనుక ఉన్న రేడియేటరుపై పడుతుంది. చాలాకాలంగా శుభ్రం చేయని రేడియేటరు ఉన్న బండి, బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను వేడెక్కుట ఇందువలననే. పాత డీజిల్ పికప్‌ల ఇంజను శక్తి 60 నుండి 75 హార్స్‌పవర్ మాత్రమే కాబట్టి, కంప్రెసర్ తీసుకొనే మూడు నాలుగు హార్స్‌పవర్ డ్రైవరుకు స్పష్టంగా తెలుస్తుంది.

కంప్రెసర్ వేగం ఇంజను వేగాన్ని బట్టి ఉంటుంది. పట్టణపు రద్దీలో బండి నిలిచి ఉన్నప్పుడు కంప్రెసర్ మెల్లగా తిరిగి, చల్లదనం తగ్గుతుంది. రెండవ కాయిల్ ఉన్నప్పుడు ఈ లోపం మరింతగా కనిపిస్తుంది. తగినంత పెద్ద కంప్రెసర్, కండెన్సరుకు విద్యుత్ ఫ్యాను దీనికి పరిష్కారం.

పల్నాడులో సున్నపు దుమ్ము, సిమెంటు దుమ్ము, ప్రత్తి నూగు కండెన్సర్ రెక్కల మధ్య చేరి గాలిని అడ్డుకొంటాయి. తడి తగిలిన సున్నం, సిమెంటు గట్టిపడతాయి. కాబట్టి ముందు పొడి గాలితో ఊది, తరువాత మెల్లని నీటి ధారతో కడుగవలెను. అధిక ఒత్తిడి గల నీరు రెక్కలను వంచుతుంది.

వెనుక బ్లోయరు ఆపి ఉంచినప్పుడు కూడా కొంత గ్యాస్, ఆయిల్ వెనుక కాయిల్‌లో నిలిచిపోవచ్చును. వారానికొకసారి అయినా వెనుక ఏసీని కొద్దిసేపు నడుపుట కంప్రెసరుకు మేలు.

వాయువులు, పర్యావరణం

పూర్వపు వాహనాలలో ఆర్-12 అను వాయువును వాడేవారు. ఇది భూమిపై అతినీలలోహిత కిరణాలు పడకుండా కాపాడే ఓజోను పొరను దెబ్బతీస్తుందని తేలింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం ఇందులో చేరింది. 2010 నాటికి ఇటువంటి వాయువుల ఉత్పత్తి నిలిచిపోయింది. తరువాత వాడుకలోకి వచ్చిన ఆర్-134ఎ ఓజోను పొరకు హాని చేయదు. కాని ఒక కిలో ఆర్-134ఎ గాలిలో కలిస్తే భూతాపంపై నూరేళ్ళలో దాని ప్రభావం సుమారు 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమని లెక్కగట్టారు. ఇటువంటి వాయువులను తగ్గించుటకు 2016లో కిగాలి సవరణ వచ్చింది. భారతదేశం దానిని 2021లో ఆమోదించింది.

ఆర్-12 నాటి బండిలో నేరుగా ఆర్-134ఎ నింపరాదు. పాత ఖనిజ తైలం దీనిలో కలవదు, పాత రబ్బరు గొట్టాల నుండి ఇది మెల్లగా కారిపోతుంది. ఆయిల్, డ్రయర్, రబ్బరు రింగులు, గొట్టాలు మార్చవలెను. అతుకు విప్పుటకు ముందు ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలక, యంత్రంతో సిలిండరులోకి తీసుకొనుట సరైన పద్ధతి. వంటగ్యాస్‌ను ఏసీ గ్యాస్‌గా నింపుట అత్యంత ప్రమాదకరం. క్యాబిన్‌లోని కాయిల్ కారితే ఒక్క నిప్పురవ్వ చాలును.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో చేసే మార్పులకు సంబంధించినది. తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కాబట్టి ఛాసిస్‌ను కోయుట, పైకప్పును పెంచుట, సీట్ల సంఖ్య మార్చుట వంటివి చేయరాదు. అమర్చుటకు ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించుట, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలుపుట మంచిది.

2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే ఎన్-2, ఎన్-3 తరగతుల సరుకు వాహనాల డ్రైవరు క్యాబిన్‌కు ఏసీని కేంద్ర ప్రభుత్వం తప్పనిసరి చేసింది. ఇవి మొత్తం బరువు 3.5 టన్నులు మించిన లారీలు. అంతకు లోబడిన పికప్‌లు ఎన్-1 తరగతికి చెందుతాయి. కావున ఈ నియమం వాటికి వర్తించదు. పాత బండ్లకూ వర్తించదు.

ఏసీ కంటే ముందు చేయదగినవి

- తలుపుల రబ్బరు మార్చుట, నేలలోని రంధ్రాలు మూయుట.
- పైకప్పు లోపల, ఇంజను గోడకు, నేలకు ఉష్ణ నిరోధక పొర అంటించుట.
- పైకప్పుకు తెల్లని రంగు వేయుట.
- వెనుక అద్దానికి, ప్రక్క అద్దాలకు నిలిపి ఉంచినప్పుడు తెరలు వాడుట. అద్దాలపై నల్ల కాగితం విషయంలో నియమాలు కఠినమైనవి. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, ప్రక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించవలెను.
- ఎండలో నిలిపిన బండి ఎక్కగానే తలుపులన్నీ తెరిచి వేడిగాలిని పోనిచ్చి, కొంతదూరం అద్దాలు దించి నడిపిన తరువాత ఏసీ వేయుట.
- ఏసీని లోపలి గాలినే తిప్పే స్థితిలో ఉంచుట. దూర ప్రయాణంలో మధ్యమధ్య బయటి గాలిని రానీయవలెను.

ఈ పనుల తరువాత కూడా వెనుక చల్లబడనిచో గాలి గొట్టం పద్ధతిని, అదీ చాలనిచో రెండవ కాయిల్‌ను ఆలోచించవచ్చును.

భద్రత

ఏసీ ఆపి మూసి ఉంచిన వాహనంలో, బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 60 డిగ్రీలు దాటవచ్చును. "రెండు నిమిషాలలో వస్తాను" అని పిల్లలను, వృద్ధులను లోపల ఉంచి వెళ్ళరాదు. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడుట, స్పృహ తప్పుట వడదెబ్బ లక్షణాలు. అటువంటి వ్యక్తిని నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, గాలి విసరుతూ వెంటనే ఆసుపత్రికి తరలించవలెను. స్పృహలో లేనివారి నోటిలో నీరు పోయరాదు.

ఇంజను నడుపుతూ ఏసీ వేసుకొని మూసిన బండిలో నిద్రించరాదు. గొట్టాల కొరకు నేలలో వేసిన రంధ్రాలకు రబ్బరు బిగించనిచో పొగ గొట్టం నుండి వెలువడే విషవాయువు లోపలికి చేరవచ్చును.

ఎంత మంచి ఏసీ అయినా క్యాబిన్‌లో కూర్చున్నవారికే ఉపయోగం. ట్రాలీలో మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధం. మిట్టమధ్యాహ్నం కాగిన ఇనుప రేకుపై ప్రయాణం ప్రాణాంతకం కూడా కావచ్చును.

ఇవి కూడా చూడండి

- పల్నాడు జిల్లా
- రెంటచింతల
- వడదెబ్బ
- ఓజోను పొర
- మాంట్రియల్ ఒప్పందం